స్లైడ్ ఫిల్మ్‌తో ప్రకృతి దృశ్యాలు: వెల్వియా 50 మీటరింగ్, ఫిల్టర్లు, ఈ-6 సందేహాలు

మంచుతెర
కలర్ నెగెటివ్ అలవాటే, స్లైడ్ ఫిల్మ్ (కడిగాక నేరుగా అసలు రంగుల చిత్రమే మిగిలేది) మాత్రం కొత్త. 35 ఎంఎం బాడీ, 24, 50, 105 లెన్సులు, ఒక డిగ్రీ స్పాట్ మీటర్ (దృశ్యంలో చిన్న చోటు వెలుతురునే కొలిచేది), పోలరైజర్, ట్రైపాడ్ ఉన్నాయి. తీయాలనుకున్నవి సూర్యోదయాలు, జలపాతాలు, అడవి లోపలి పూలు. ఫిల్మ్ వెల్వియా 50. రోల్ లోడ్ చేసేముందు తేల్చుకోవాల్సినవి ఇవి:
1. మీటర్‌లో ఫిల్మ్ వేగాన్ని (ఐఎస్ఓ) 50కే రేట్ చేయాలా, 40కా?
2. ఆకాశానికీ నేలకీ ఎంత తేడా ఉంటే ఫిల్మ్ తట్టుకుంటుంది?
3. పొడవాటి ఎక్స్‌పోజర్లకు ఎంత కలపాలి?
4. ఈ-6 (స్లైడ్ ఫిల్మ్‌ను కడిగే రసాయన పద్ధతి) ఇంట్లో చేసుకోవచ్చా, ల్యాబ్‌కే ఇవ్వాలా?

స్పాట్‌వాలా
రెండో ప్రశ్నతో మొదలుపెడతాను. అది తేలితే మిగతావి సగం తేలినట్టే.

నెగెటివ్‌లో ఒకటి రెండు స్టాపులు (ఒక స్టాప్ అంటే వెలుతురు రెట్టింపు లేదా సగం) ఎక్కువైనా ప్రింట్‌లోనో స్కాన్‌లోనో సర్దుకోవచ్చు. స్లైడ్‌లో ఆ వెసులుబాటు ఉండదు, ఎందుకంటే కెమెరాలో పడిన ఫిల్మే చివరి చిత్రం. వెలుతురు ఎక్కువైన చోట రంగు పదార్థమే మిగలదు, ఉత్త పారదర్శకమైన ఫిల్మ్ బేస్ మిగులుతుంది. అక్కడినుంచి ఏ స్కానరూ ఏమీ రాబట్టలేదు. తక్కువైన చోట నలుపులోనైనా కొంత సమాచారం దాగి ఉంటుంది. అందుకే నెగెటివ్‌కి నీడను చూసి ఎక్స్‌పోజ్ చేస్తాం, స్లైడ్‌కి హైలైట్‌ను చూసి చేస్తాం.

వెల్వియా 50 మీద పని చేసేటప్పుడు గుర్తుంచుకోవాల్సిన అంకెలు (స్పాట్ రీడింగ్ యథాతథంగా వాడితే అది మిడ్‌టోన్, అంటే నలుపు తెలుపుల మధ్య ఛాయ; దాన్నే సున్నా అంటాం):
+2: తెలుపు. నురగ, మేఘం అంచు. వివరం దాదాపు అయిపోయింది.
+1½: వివరం ఉన్న తెలుపు. ముఖ్యమైన హైలైట్‌ను ఇక్కడ ఆపండి.
+1: లేత రంగులు, ఎండ పడిన ఇసుక.
0: పచ్చగడ్డి, బూడిద రంగు రాయి, నెత్తిమీది నీలాకాశం.
−1: ముదురు ఆకులు, తడిసిన రాయి.
−2: వివరం కొద్దికొద్దిగా తెలిసే నీడ.
−2½ దాటితే: నలుపు.

కలిపి చూస్తే నాలుగు, నాలుగున్నర స్టాపులు. ఫ్యూజీదే మరో స్లైడ్ ఫిల్మ్ ప్రోవియా 100ఎఫ్ పైనా కిందా కొంచెం ఎక్కువ ఓపిక పడుతుంది, కానీ అదీ నెగెటివ్‌కు సాటి రాదు.

చేయాల్సింది ఇదీ. ఫ్రేమ్‌లో వివరం పోకూడని అత్యంత ప్రకాశవంతమైన చోటు ముందు వెతకండి. అక్కడ స్పాట్ చూసి, దానికి 1½ స్టాప్ కలిపి ఎక్స్‌పోజర్ పెట్టండి. తర్వాత ముఖ్యమైన నీడ ఎక్కడ పడుతుందో చూడండి. −2 లోపల పడితే నొక్కేయొచ్చు. పడకపోతే మూడే దారులు: ఫిల్టర్, ఫ్రేమ్ మార్చడం, నీడను నల్లటి ఆకారంగా ఒప్పుకోవడం. ఇవేవీ కుదరకపోతే ఆ వెలుతురు ఈ ఫిల్మ్‌కి పనికిరాదని అర్థం. ఫ్రేమ్ వృథా చేయకండి.

పచ్చికబయలు
స్పాట్ మీటర్ ఒక్కటే మార్గమన్నట్టు రాశారు. ఇన్సిడెంట్ మీటర్ ఉన్నవాళ్లు దృశ్యం మీద పడే వెలుతురులోనే నిలబడి, తెల్ల గుమ్మటాన్ని కెమెరా వైపు తిప్పి ఒక్క రీడింగ్ తీస్తే చాలు. మీద పడే వెలుతురునే కొలుస్తాం కాబట్టి తెలుపు తెలుపుగా, నలుపు నలుపుగా వాటి చోట్లలో అవే కూర్చుంటాయి. మంచు, తెల్ల ఇసుక, కొంగలు లాంటి చోట్ల కెమెరా మీటర్ మోసపోతుంది, ఇది మోసపోదు.

స్పాట్‌వాలా
నిజమే, మీరున్న చోటా దృశ్యం ఉన్న చోటా ఒకే వెలుతురు ఉన్నంతవరకు. మీరు నీడలో ఉండి ఎదురుగా కొండమీద ఎండ పడుతుంటే ఇన్సిడెంట్ పని చేయదు. వెనకనుంచి వెలుతురు దూసుకొచ్చే ఆకులకూ, ఆకాశమే వెలిగే సూర్యోదయానికీ అంతే. పూలకు, దగ్గరి దృశ్యాలకు మీ మాటే సరి.

ఏ మీటరైనా సరే, ఒకసారి ఎండతో సరిచూసుకోండి. సూర్యుడు మీ వెనక ఉండి, నిర్మలమైన ఎండ ఎదురుగా పడుతుంటే ఐఎస్ఓ 50కి ఎఫ్/16 దగ్గర 1/60 రావాలి (ఎఫ్/11 అయితే 1/125). అర స్టాప్ కంటే ఎక్కువ తేడా వస్తే మీటర్‌ను అనుమానించండి.

నల్లసంచి
40/50 గొడవ గురించి. 1990లో వచ్చిన మొదటి వెల్వియాను చాలామంది 40కి రేట్ చేసేవాళ్లు, 50 దగ్గర నీడలు మరీ మూసుకుపోతున్నాయని. 2007లో తిరిగొచ్చిన ఇప్పటి వెల్వియా 50కి కూడా అదే అలవాటు కొనసాగింది. నా లెక్కలో ఇది ఫిల్మ్ వేగం ప్రశ్న కాదు. మీ మీటర్, మీ షట్టర్, మీ ల్యాబ్ మూడూ కలిస్తే వచ్చే అంకె.

ఒక రోల్ పరీక్షకే కేటాయించండి. మబ్బు పట్టిన సమాన వెలుతురులో గ్రే కార్డ్, ఒక తెల్ల బట్ట, ముదురు ఆకులు కలిసిన ఫ్రేమ్ పెట్టి ఈఐ (మీటర్‌లో పెట్టే ఫిల్మ్ వేగం) 32, 40, 50, 64 దగ్గర ఒక్కో షాట్ తీయండి. ఏ ఫ్రేమ్ ఏదో కాగితం మీద రాసి ఫ్రేమ్‌లోనే పెట్టండి, తర్వాత తికమక ఉండదు. లైట్ టేబుల్ మీద లూప్ అనే భూతద్దంతో చూసి బట్ట నేత కనబడుతూనే ఆకుల్లో వివరం ఉన్న ఫ్రేమ్‌ను ఎంచుకోండి. ప్రొజెక్టర్‌కి కొంచెం వెలుతురు స్లైడ్ బాగుంటుంది, స్కాన్‌కి మూడోవంతు స్టాప్ ముదురుగా ఉన్నదే మేలు.

అన్నట్టు పాత మెకానికల్ బాడీ అయితే 1/500, 1/1000 నిదానించి ఉండటం మామూలే. నెగెటివ్‌లో బయటపడని ఈ లోపం స్లైడ్‌లో మొదటి రోల్‌కే తెలిసిపోతుంది. షట్టర్ వేగాలు కొలిపించేవరకు మధ్య వేగాల్లోనే ఉండండి.

మంచుతెర
సూర్యోదయానికి అసలు లెక్క ఒకటి వేసి చూపిస్తారా? గ్రాడ్ ఫిల్టర్లు (సగం ముదురు, సగం తేట; ఆకాశపు వెలుతురును మాత్రమే తగ్గించేవి) 0.3, 0.6, 0.9 కొందామనుకుంటున్నాను.

స్పాట్‌వాలా
0.3 అంటే ఒక స్టాప్, 0.6 రెండు, 0.9 మూడు. ఎఫ్/11 దగ్గర లెక్క వేద్దాం.

సూర్యుడి పక్కన కాకుండా కొంచెం దూరంగా, వెలిగే ఆకాశం: 1/60.
ముందున్న గడ్డి: 1/4.
తేడా నాలుగు స్టాపులు. తెల్లవారుతున్నప్పటి గడ్డి మిడ్‌టోన్‌లో ఉంటే పట్టపగలులా ఉంటుంది, కాబట్టి దాన్ని −1 దగ్గర పెట్టండి. అంటే ఎక్స్‌పోజర్ 1/8. ఇప్పుడు ఆకాశం +3 అవుతుంది, తెల్లగా ఎగిరిపోతుంది. 0.6 గ్రాడ్ వేస్తే +1కి దిగుతుంది. రంగు నిలుస్తుంది, వెలుగూ నిలుస్తుంది. ఇక్కడ 0.9 వేస్తే ఆకాశం సున్నాకి వచ్చి బరువెక్కుతుంది, ఫిల్టర్ వేశారని ఎవరైనా పసిగడతారు.

మీటరింగ్ అంతా ఫిల్టర్ లేకుండా చేసి, మాన్యువల్‌లో పెట్టాకే గ్రాడ్ దించండి. కెమెరా ఆటోలో ఉంటే గ్రాడ్ చీకటిని చూసి ఎక్స్‌పోజర్ పెంచేస్తుంది, వేసిన ఫిల్టర్ పని సగం పోతుంది. గీత ఎక్కడ పడుతుందో డెప్త్ ఆఫ్ ఫీల్డ్ ప్రివ్యూ నొక్కి, పని చేసే అపర్చర్‌లోనే చూడండి. పూర్తిగా తెరిచిన అపర్చర్‌లో గీత కలిసిపోయినట్టు కనబడుతుంది, ఎఫ్/16లో స్పష్టంగా తేలుతుంది. 24కి సముద్రం లాంటి తిన్నని అంచుంటే హార్డ్ (గీత పదునుగా ఉండే గ్రాడ్), కొండలూ చెట్లూ ఉంటే సాఫ్ట్ (గీత మెల్లగా కరిగేది). 105 మీద హార్డ్ గీత కూడా మెత్తబడుతుంది.

అద్దంపెట్టె
ఇదే దృశ్యంలో ముందు గడ్డి బదులు చెరువుంటే పై లెక్క బెడిసికొడుతుంది. నీటిలో ప్రతిబింబం ఆకాశం కంటే సుమారు ఒక స్టాప్ ముదురుగా ఉంటుంది (చూసే కోణం మీద మారుతుంది). మీ 1/8 దగ్గర గ్రాడ్ లేని ప్రతిబింబం +2, గ్రాడ్ వేసిన ఆకాశం +1. అంటే నీళ్లలో ఆకాశం అసలు ఆకాశం కంటే వెలుగ్గా వస్తుంది. చూసేవాళ్లకు ఎందుకో చెప్పలేకపోయినా ఏదో తప్పనిపిస్తుంది.

చెరువు ఉంటే 1/15కి తగ్గించి 0.3 మాత్రమే వేయండి. ఆకాశం +1, ప్రతిబింబం +1, ఒడ్డు గడ్డి −2. ఒడ్డు దాదాపు నల్లబడుతుంది, పడనివ్వండి. అలాంటి చిత్రంలో ఒడ్డు ఆకారమే చాలు. మొత్తం వివరం కావాలంటే సూర్యుడు రాకముందు, తేడా రెండు మూడు స్టాపులే ఉన్నప్పుడు తీయడమే మార్గం.

స్పాట్‌వాలా
ఒప్పుకుంటున్నాను. నా లెక్క పొడి నేలకే.

నల్లసంచి
మూడో ప్రశ్న, రెసిప్రాసిటీ, అంటే పొడవాటి ఎక్స్‌పోజర్లలో ఫిల్మ్ స్పందన తగ్గిపోవడం. వెల్వియా 50కి ఫ్యూజీ ఇచ్చిన పట్టిక:

1 సెకను వరకు: ఏమీ అక్కర్లేదు
4 సెకన్లు: +1/3 స్టాప్, 5ఎం ఫిల్టర్
8 సెకన్లు: +1/2, 7.5ఎం
16 సెకన్లు: +2/3, 10ఎం
32 సెకన్లు: +1, 12.5ఎం
64 సెకన్లు: వద్దంటారు

ఎం అంటే మెజెంటా కలర్ కరెక్షన్ ఫిల్టర్. సమయం పెరిగేకొద్దీ ఈ ఫిల్మ్ ఆకుపచ్చకు మొగ్గుతుంది, దానికి విరుగుడు అది. స్కాన్ చేసి రంగు సరిచేసుకునేవాళ్లు ఈ ఫిల్టర్ మానేసినా నడుస్తుంది. స్లైడ్‌నే ప్రొజెక్ట్ చేయాలంటే మానకూడదు.

ఒక కిటుకు: కలపాల్సిన స్టాప్‌ను వీలైతే అపర్చర్ తెరిచి కలపండి. సమయం పెంచితే ఆ పెరిగిన సమయానికి మళ్లీ రెసిప్రాసిటీ తగులుతుంది. ఎఫ్/16లో 8 సెకన్లు చూపిస్తే, ఎఫ్/16కీ ఎఫ్/11కీ మధ్య అర స్టాప్ తెరిచి అదే 8 సెకన్లు ఇవ్వండి.

పచ్చికబయలు
జలపాతాలకూ సంధ్యకూ వెల్వియా 50 ఎందుకు పట్టుకుంటారో నాకు అర్థం కాదు. ప్రోవియా 100ఎఫ్‌కి 128 సెకన్ల వరకు ఏ సవరణా అక్కర్లేదు, ఫిల్టరూ అక్కర్లేదు. నాలుగు నిమిషాలకు కూడా +1/3, 2.5జీ (ఆకుపచ్చ ఫిల్టర్) మాత్రమే. వెల్వియా 100 ఒక నిమిషం వరకు, కోడాక్ ఎక్టాక్రోమ్ ఈ100 పది సెకన్ల వరకు నిలబడతాయి. చీకటి పడుతున్నప్పుడు పట్టిక తీసి లెక్కలు వేయడం కంటే ప్రోవియా సుఖం.

అద్దంపెట్టె
నాచుపట్టిన రాళ్ల మీద, మబ్బు వెలుతురులో వెల్వియా ఇచ్చే ఆకుపచ్చను ప్రోవియా ఇవ్వదు. మబ్బు రోజున దృశ్యం తేడా రెండు మూడు స్టాపులే, వెల్వియా కాంట్రాస్ట్ అప్పుడు సరిగ్గా అతుకుతుంది. మిట్టమధ్యాహ్నం ఎండలోనో, మనుషుల ముఖాల కోసమో వెల్వియా పెడితే మాత్రం ముఖాలు ఎర్రబడతాయి, నీడలు మూసుకుపోతాయి.

జలపాతానికి అసలు ఎంత సమయం కావాలి? అర సెకను నుంచి రెండు సెకన్లు చాలు, నీటిలో గీతలు నిలుస్తాయి. పది సెకన్లిస్తే పాలపొగలా అయిపోతుంది. రెండు సెకన్లకు వెల్వియా సవరణ లెక్కలోకి రానంత. నురగను మాత్రం +1½ దాటనివ్వకండి. జలపాతం స్లైడ్లు ఎక్కువగా పాడయ్యేది ఇక్కడే: చుట్టూ ముదురు రాయి ఉండటంతో కెమెరా మీటర్ ఎక్స్‌పోజర్ పెంచేస్తుంది, నీళ్లు ఖాళీ ఫిల్మ్‌గా మిగులుతాయి. నీటి మీద ఎండ మచ్చలు పడుతుంటే మబ్బు వచ్చేదాకా ఆగండి.

1/15 నుంచి అర సెకను మధ్య అద్దం కుదుపు బాగా తెలుస్తుంది. మిర్రర్ లాకప్ (అద్దాన్ని ముందే పైకి లేపి ఉంచే ఏర్పాటు) ఉంటే వాడండి, కేబుల్ రిలీజ్ ఎలాగూ ఉండాలి. 35 ఎంఎంలో ఎఫ్/8, ఎఫ్/11 పదునైనవి. ఎఫ్/22 దగ్గర డిఫ్రాక్షన్‌తో ఆకుల అంచులు మెత్తబడతాయి, ఇంత సన్నని గ్రెయిన్ ఉన్న ఫిల్మ్ వాడిన లాభం పోతుంది.

మంచుతెర
పోలరైజర్, నీడల్లో నీలి ఛాయ గురించి కూడా చెప్పండి. వార్మింగ్ ఫిల్టర్ నిజంగా అవసరమా?

పచ్చికబయలు
పోలరైజర్ ఆకాశం కోసం కొంటారు కానీ ఈ ఫిల్మ్‌కి దాని అసలు ఉపయోగం తడి ఆకుల మీద. ఆకు మీది మెరుపు ఆకాశపు ప్రతిబింబమే. దాన్ని తీసేస్తే కింది పచ్చదనం బయటపడుతుంది. మబ్బు రోజున కూడా పనిచేస్తుంది. 1½ నుంచి 2 స్టాపులు మింగుతుంది. విడి మీటర్ అయితే దాన్ని ఫిల్టర్ గుండానే చూసి కొలవండి, తిప్పిన కోణం మాత్రం మార్చకండి.

ఆకాశానికైతే జాగ్రత్త. సూర్యుడికి 90 డిగ్రీల దిశలో ప్రభావం ఎక్కువ, మిగతా వైపుల తక్కువ. మీ 24 ఎంఎం చూపే విశాలమైన కోణంలో ఆకాశం మధ్యలో ముదురు పట్టీ పడుతుంది. వెల్వియా దాన్ని ఇంకా పెంచి చూపిస్తుంది. ఎత్తైన కొండల మీద పూర్తిగా తిప్పితే నీలం నలుపుకు దగ్గరవుతుంది, సగమే తిప్పండి. ఇంద్రధనుస్సు కనబడితే పోలరైజర్ నెమ్మదిగా తిప్పుతూ చూడండి: ఒక కోణంలో రంగులు గట్టిపడతాయి, ఇంకో కోణంలో ఇంద్రధనుస్సే మాయమవుతుంది.

నీలి ఛాయ విషయానికొస్తే, డేలైట్ ఫిల్మ్ 5500 కెల్విన్‌కి తయారైంది. నిర్మలమైన ఆకాశం కింది నీడలో వెలుతురు అంతకంటే చాలా నీలంగా ఉంటుంది. కంటికి తెలియదు, ఫిల్మ్‌కి తెలుస్తుంది. అడవి లోపల పూలకు 81ఏ, గట్టి నీడకు 81బీ (రెండూ వార్మింగ్ ఫిల్టర్లే), ఒక్కోదానికి 1/3 స్టాప్ కలపండి. మబ్బు రోజున 81ఏ దాటొద్దు. ఉదయపు నీడల్లో ఆ నీలమే అందం అనుకుంటే ఏ ఫిల్టరూ వద్దు.

ఎర్ర పూలకు ఒక మాట. వెల్వియాలో గట్టి ఎరుపు త్వరగా ముద్దయిపోతుంది, రేకుల మీది గీతలు పోతాయి. ఎండలో తీయకండి. ఎరుపు మీద స్పాట్ చూసి మిడ్‌టోన్ దగ్గరే ఉంచండి, పైకి లేపొద్దు.

ఆరో_స్నానం
నాలుగో ప్రశ్న నాది. ఇంట్లో ఈ-6 కుదురుతుంది, ఉష్ణోగ్రతను పట్టుకోగలిగితే.

పూర్తి ఆరు స్నానాల పద్ధతి 38 డిగ్రీల సెల్సియస్ దగ్గర: మొదటి డెవలపర్ 6 నిమిషాలు, వాష్, రివర్సల్ బాత్, కలర్ డెవలపర్ 6 నిమిషాలు, ప్రీ-బ్లీచ్, బ్లీచ్ 6, ఫిక్సర్ 4, వాష్, ఫైనల్ రిన్స్. ఇంటి కిట్లలో ఎక్కువగా మూడే స్నానాలు: మొదటి డెవలపర్, రివర్సల్ కూడా కలిపిన కలర్ డెవలపర్, బ్లీచ్ ఫిక్సర్ కలిసిన బ్లిక్స్. సమయాలు కిట్ కాగితం ప్రకారమే.

వీటిలో అసలు ప్రాణం మొదటి డెవలపర్. స్లైడ్ ముదురా లేతా అన్నది అక్కడే తేలుతుంది. ఉష్ణోగ్రత తగ్గినా సమయం తగ్గినా స్లైడ్ ముదురుగా వస్తుంది, పెరిగితే పలచబడుతుంది. 0.3 డిగ్రీలకు మించి జరగనివ్వకండి. కలర్ డెవలపర్ కొంత ఓపిక పడుతుంది. బ్లీచ్, ఫిక్స్ పని పూర్తయ్యేదాకా ఉంచితే చాలు, రెండు నిమిషాలు ఎక్కువైనా నష్టం లేదు. తక్కువైతే మాత్రం వెండి మిగిలిపోయి రంగులు మురికిగా ఉంటాయి. అప్పుడు కంగారు పడక మళ్లీ బ్లిక్స్‌లో వేయండి, సరవుతుంది.

డ్రై ట్యాంక్‌ను, రీల్‌తో సహా, ముందే నీళ్ల తొట్టిలో వేడెక్కనివ్వాలి. చల్లటి ట్యాంక్‌లో 38 డిగ్రీల డెవలపర్ పోస్తే క్షణాల్లో ఒకటి రెండు డిగ్రీలు పడిపోతుంది. స్లైడ్లు ముదురుగా వచ్చాయని మొరపెట్టుకునే కొత్తవాళ్లలో చాలామంది సమస్య ఇదే. తొట్టిలో నీటిని తిప్పుతూ వేడిచేసే సూ-విడ్ హీటర్ పెడితే నిశ్చింత.

డెవలపర్ కొలజాడీల్లో బ్లిక్స్ ఎప్పుడూ పోయకండి. మొదటి డెవలపర్‌లో కొద్ది చుక్కలు పడినా చాలు, రంగులు చెడతాయి. ఒక్కో జాడీకి రంగు టేపు అంటించుకోండి.

ఇంకోటి: తడి స్లైడ్ పాలపొరతో, నీలంగా కనిపిస్తుంది. ఆరాకే తీర్పు చెప్పండి.

మంచుతెర
పుష్ చేయొచ్చా? ల్యాబ్‌కి ఇస్తే ఏం చెప్పాలి?

ఆరో_స్నానం
పుష్ అంటే తక్కువ ఎక్స్‌పోజ్ చేసిన ఫిల్మ్‌ను ఎక్కువసేపు డెవలప్ చేయడం, పుల్ దానికి విరుద్ధం. ఒక స్టాప్ పుష్‌కి మొదటి డెవలపర్ 6 నుంచి 8 నిమిషాలకు, రెండు స్టాపులకు 11 నిమిషాలకు. ఒక స్టాప్ పుల్‌కి 4. మిగతా స్నానాలు మారవు. ప్రోవియా పుష్‌ను చక్కగా భరిస్తుంది. వెల్వియా 50కి ఒక స్టాప్ ఇస్తే ముందే గట్టిగా ఉన్న కాంట్రాస్ట్ ఇంకా బిగుస్తుంది, చదునైన మబ్బు వెలుతురులో తప్ప వద్దు.

ల్యాబ్‌కి ఇచ్చేటప్పుడు: ఈ-6 అని రోల్ మీద స్పష్టంగా రాయండి (కలర్ నెగెటివ్ కడిగే సీ-41లో పడితే కాంట్రాస్ట్, రంగులు తలకిందులవుతాయి), కత్తిరించవద్దు, మౌంట్ వేయవద్దు అని చెప్పండి. ముఖ్యమైన రోల్ అయితే క్లిప్ టెస్ట్ అడగండి. కొన్ని ఫ్రేములు కత్తిరించి ముందు కడిగి చూసి, మిగతా రోల్‌ను మూడోవంతు స్టాప్ అటూ ఇటూ సర్దుతారు. కత్తెర పడే చోట ఒక ఫ్రేమ్ పోతుంది కాబట్టి రోల్ మొదట్లో నాలుగైదు అనవసరమైన ఫ్రేములు తీసి పెట్టుకోవాలి.

నల్లసంచి
ఫిల్మ్ భద్రత గురించి రెండు ముక్కలు. ఫ్రిజ్‌లోంచి తీసిన డబ్బాను మూత తెరవకుండా కనీసం మూడు గంటలు బయట ఉంచండి, ఫ్రీజర్‌దైతే ఇంకా ఎక్కువ. లేకపోతే ఎమల్షన్ మీద తేమ పట్టి మచ్చలు పడతాయి. విమానాశ్రయాల్లో కొత్త సీటీ స్కానర్లుంటే చేత్తో తనిఖీ అడగండి. ఐఎస్ఓ 50 కదా ఏం కాదులే అనుకోవడం పాత ఎక్స్‌రే యంత్రాలకు చెల్లింది, వీటికి చెల్లదు. తీసిన రోల్‌ను ఎండలో ఆగిన కారులో వదలకండి, నెలలకొద్దీ దాచకండి. తీశాక ఎంత త్వరగా కడిగితే రంగు అంత నమ్మకంగా ఉంటుంది.

అద్దంపెట్టె
స్కానింగ్ గురించి ఎవరూ రాయలేదు. వెల్వియా గాఢమైన నలుపు సాంద్రత నాలుగుకు దగ్గరగా ఉంటుంది, అంటే పదమూడు స్టాపుల మేర. చవకైన ఫ్లాట్‌బెడ్‌లో ఆ నీడలు గ్రెయిన్ బదులు గీతలూ మచ్చలుగా వస్తాయి. ఫిల్మ్ స్కానర్ లేకపోతే డిజిటల్ కెమెరా, మాక్రో లెన్స్, 95 పైన సీఆర్ఐ (రంగులను ఎంత నిజంగా చూపుతుందో చెప్పే అంకె) ఉన్న లైట్ ప్యానెల్ చాలు. 1:1 దగ్గర ఎఫ్/8. ముందు స్లైడ్ లేకుండా ప్యానెల్‌ను మాత్రమే తీసి దాని మీద వైట్ బ్యాలెన్స్ పెట్టండి, అప్పుడే లైట్ టేబుల్ మీద కనబడిన రంగు వస్తుంది. రా ఫైల్‌లో హైలైట్ తెగిపోకుండా ఒకటి, నీడలకు మూడు స్టాపులు ఎక్కువగా ఇంకొకటి తీసి కలపండి. గది దీపాలు ఆర్పి, స్లైడ్ చుట్టూ మిగిలిన ప్యానెల్‌ను నల్ల కాగితంతో కప్పండి. ఆ పక్క వెలుతురు లెన్స్‌లోకి వస్తే నలుపు తేలిపోతుంది.

ఈ-6 స్లైడ్ల మీద దుమ్మును ఇన్‌ఫ్రారెడ్ శుభ్రత బాగానే తీసేస్తుంది. పాత కోడాక్రోమ్‌ల మీద నమ్మవద్దు, వివరాన్ని కూడా దుమ్మనుకుని చెరిపేస్తుంది.

మంచుతెర
ఆఖరి సందేహం. బ్రాకెటింగ్ (ఒకే దృశ్యాన్ని వేర్వేరు ఎక్స్‌పోజర్లతో తీయడం) ఎంత? 36 ఫ్రేములే కదా.

స్పాట్‌వాలా
మీటరింగ్ మీద నమ్మకం కుదిరేవరకు మూడు ఫ్రేములు: లెక్క వచ్చినది, అర స్టాప్ తక్కువ, అర స్టాప్ ఎక్కువ. రోల్‌కి పన్నెండు దృశ్యాలు వస్తాయి. తర్వాత రెండుకి తగ్గించండి, లెక్క వచ్చినదీ, మూడోవంతు తక్కువదీ. ఒక స్టాప్ బ్రాకెట్ ఈ ఫిల్మ్‌కి దండగ. మూడింటిలో రెండు ఎలాగూ పనికిరావు.

ప్రతి ఫ్రేమ్‌కీ ఏ చోట స్పాట్ చూశారు, ఎన్ని స్టాపులు జరిపారు, ఏ ఫిల్టర్ వేశారు అన్నది చిన్న పుస్తకంలో రాయండి. రాసిపెట్టని బ్రాకెట్ వల్ల ఒక మంచి స్లైడ్ దొరుకుతుంది తప్ప, తర్వాతి రోల్‌కి ఏం పెట్టాలో తెలియదు.